ఆమె కథకు నేను రాసిన ముగింపు

తొంభైల మొదట్లో పటాన్‌చెరు ప్రభుత్వ బడిలో టీచరుగా చేరాను. నేను కిరాయికి దిగిన ఇంట్లో వరుసగా ఐదు గదులు, అందరికీ ఒకటే నల్లా. పక్క గదిలో ఒక అక్క ఉండేది. దగ్గర్లోని కర్దనూర్ ఊరి మనిషి. మొదట పొలాల్లో కూలికి పోయేది, తర్వాత మందుల ఫ్యాక్టరీలో గోలీల ప్యాకింగుకు కుదిరింది. భర్త పోయాడు, కూతురు అత్తగారింట్లో ఉంది. గాలి ఫ్యాక్టరీ వైపు నుంచి వీచిన రోజు మేం వండిన అన్నం కూడా మందుల వాసన వేసేది. దాని గురించి ఎవరం మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేశాక ఇద్దరం వాకిట్లో కూర్చునేవాళ్లం. ఆమె నా తల దువ్వుతూ కథలు చెప్పేది. రాజులవీ, రాకాసులవీ కావు.

"ఇది ఎనకటి ముచ్చట గాదు టీచరమ్మా. ముంగట అయ్యే ముచ్చట. ఇంక కాలే" అని మొదలుపెట్టేది.

వాటిలో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. ముందు ముందు ఒక పొద్దున మగవాళ్లందరికీ గొంతు పోతుందట. సూపర్‌వైజరు కేకేద్దామని నోరు తెరిస్తే ఉత్త గాలే వస్తుందట. ఇక హుకుం ఇచ్చేవాడు ఎవడు? ఫ్యాక్టరీలు ఆడవాళ్ల చేతికొస్తాయి. గేటుకాడ ఆడవాళ్లు, మిషన్లకాడ ఆడవాళ్లు, పెద్ద కుర్చీలో కూడా ఆడమనిషే. బాత్రూంకు పోవాలంటే ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. ఇది చెబుతూ ఆమె పకపకా నవ్వేది. ఆమె అట్లా నవ్వడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఆ రోజుల్లో సంగారెడ్డిలో మేం ఏడెనిమిది మంది ఆడవాళ్లం కలిసి చిన్న పత్రిక నడిపేవాళ్లం. టీచర్లు, బ్యాంకులో పనిచేసే ఒకామె, ఒక నర్సు. స్త్రీలు రాసే కథ ఎట్లా ఉండాలని గంటల తరబడి వాదించుకునేవాళ్లం. రాబోయే కాలాన్ని ఊహించి రాసేటప్పుడైనా ఆడవాళ్లను గెలిపించకపోతే ఆ ఊహ ఎందుకని అనేదాన్ని నేను. అక్క కథ సంగతి చెబితే అందరూ ఎగిరి గంతేశారు. ఈ సంచికలోనే వేద్దాం, రాసుకుని రమ్మన్నారు.

ముగింపు అప్పటికి ఆమె నాకు చెప్పలేదు. తర్వాతి ఆదివారం అడిగాను. దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది.

పెద్ద కుర్చీలో కూర్చున్నామె మంచిదే. మొన్నటిదాకా అందరితో కలిసి డబ్బాలు నింపినామే. ఒకరోజు సరుకు కోసం లారీ వచ్చి ఆగింది, పని తెమలలేదు. ఐదు నెలల కడుపుతో ఉన్న పిల్ల ఒకతి వచ్చి "జెర కూసుంటనక్కా, నడుము నొస్తుంది" అంది. కూర్చో బిడ్డా అందామనే అనుకుని కుర్చీలో ఉన్నామె నోరు తెరిచింది. కానీ నోట్లోంచి సూపర్‌వైజరు గొంతు వచ్చింది. నిలబడు అని అరిచింది. మగవాళ్ల గొంతులు ఎక్కడికీ పోలేదట. వచ్చి ఆ కుర్చీలో దాక్కున్నాయట.

"మరి ఆ పిల్ల?"

"నిలవడ్డది. నిలవడి నిలవడి, పడిపోయింది. కడుపు పోయింది. కుర్సీల ఉన్నామెకు మల్ల సొంత గొంతు రాలే. గంతే."

నాకు నచ్చలేదు. "గట్లెట్లక్కా? సాటి ఆడదాన్ని ఆడది గట్ల చేస్తదా? చదివినోళ్లు తప్పుగ అర్థం చేసుకుంటరు" అన్నాను.

"ఏమో టీచరమ్మా. సదువుకున్నదానివి, నీకే తెల్వాలె" అని లేచి ఆరిన బట్టలు తీసుకుని లోపలికి పోయింది.

ఆ వారమే కూర్చుని కథ రాశాను. మొదలంతా ఆమె చెప్పినట్టే. చివర మాత్రం ఆడవాళ్లంతా ఏకమై ఆ కుర్చీని విరగ్గొట్టి బయట పడేసినట్టు, కడుపుతో ఉన్న పిల్ల పండంటి ఆడబిడ్డను కన్నట్టు రాశాను. నేను చదివి వినిపిస్తుంటే మా పత్రికవాళ్ల కళ్లు మెరిశాయి. నర్సు ఒక్కతే "ఆమెను అడిగినవా?" అంది. "ఆమెకు చదువు రాదు. అచ్చులో వచ్చిందంటే సంతోషపడుతుంది" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

పత్రిక వచ్చిన రోజు పరుగున వెళ్లి చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"నీ కథల ఆ పిల్ల మంచిగనే ఉన్నదా?"

"ఉన్నదక్కా. బిడ్డ గూడ బతికింది."

"గట్లనా." చాట పక్కన పెట్టింది. "ఇది నా కథ గాదు టీచరమ్మా. నా పేరు రాసినవా?"

"పేరు రాయలే. 'ఒక కార్మిక స్త్రీ చెప్పిన కథ' అని రాసిన."

"గా మాట గూడ తీసెయ్."

అచ్చయిపోయిందన్నాను. ఆమె మళ్లీ చాట ముందుకు లాక్కుంది. ఆ తర్వాత ఆదివారాలు వచ్చాయి, పోయాయి. పలకరిస్తే పలికేది, నీళ్లొచ్చాయంటే నా బిందె కూడా నింపి పెట్టేది. కథ మాత్రం మళ్లీ చెప్పలేదు. నాకూ పౌరుషం వచ్చింది. అంత మంచిగా రాస్తే ఎందుకీ అలక అనుకున్నాను. రెండేళ్లకు నాకు సంగారెడ్డి బదిలీ అయింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, ఆమె కూతురు మా బడి వెతుక్కుంటూ వచ్చింది. అమ్మ పోయిందని, ఊపిరితిత్తులు చెడిపోయి ఆరు నెలలు మంచంలోనే ఉందని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. నేను ఆ ఇంట్లోకి రాకముందు అక్కను ఏడాదిపాటు ప్యాకింగు లైనుకు పెద్దను చేశారట. ఒకరోజు కడుపుతో ఉన్న పిల్ల కూర్చుంటానంటే, పని తెమలదని కసిరి నిలబెట్టిందట. ఆ పిల్ల మిషను దగ్గరే పడిపోయింది. కడుపు నిలవలేదు, మళ్లీ పనికి రాలేదు. అక్క తనంతట తానే ఆ పెద్దరికం వదిలి మళ్లీ డబ్బాలు నింపడానికి పోయింది. క్షమించమని అడగడానికి ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, వాళ్లు అప్పటికే ఇల్లు ఖాళీ చేసి పోయారట.

"ఎవ్వలకు చెప్పుకోలే మా అమ్మ. సచ్చేముంగట నాకు చెప్పింది. టీచరమ్మకు ముచ్చట లెక్క చెప్పిన గని, ఆమె ఇనలే అన్నది."

స్టాఫ్ రూంలో బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"ఆ ముచ్చట మీ తాన రాసి ఉన్నదంట గద మేడం. ఇస్తరా? నా బిడ్డ సదివి ఇనిపిస్తది."

నా దగ్గర ఉన్నది నేను మార్చిన కథే. ఆమె చెప్పింది చెప్పినట్టు ఒక్క కాగితం మీదా రాసుకోలేదు. ఆడవాళ్ల గొంతు వినిపించాలని పత్రిక పెట్టిన మేము, ఎదురుగా కూర్చున్న ఆడమనిషి గొంతును మా నమ్మకానికి సరిపడేలా కత్తిరించాం. ఆ పని చేసింది నేను.

కూతురికి అబద్ధం చెప్పలేకపోయాను. గుర్తున్నంత మేరకు అసలు ముగింపును నోటితోనే చెప్పాను. కొన్నిచోట్ల మాటలు దొరకలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"గా దినమే మీరు, గట్లెందుకయ్యిందక్కా అని ఒక్కపారి అడిగుంటే, మా అమ్మ ఏడ్సి చెప్పుకుంటుండె గద" అంది. నిష్ఠూరంగా అనలేదు.

అవునమ్మా అన్నాను. బస్టాండు దాకా తోడు వెళ్లాను. పటాన్‌చెరు బస్సు వస్తే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, వెళ్లొస్తానన్నట్టు తల ఊపింది.