కార్డు ఇంకా రాసుకుంటూనే ఉంది

ఆఫీసులో అతన్ని అందరూ పిసినారి అనేవారు. డబ్బు విషయంలో కాదు, బ్యాటరీ విషయంలో. చేతిలో ఇమిడే వాయిస్ రికార్డర్లలో మెమరీ కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాము రాయడం అతని పని. కార్డు ఏ పని చేయాలన్నా రికార్డర్ నుంచి క్లాక్ టిక్కులనే చిన్న చిన్న కరెంటు స్పందనలు అందుతూ ఉండాలి. పనిలేనప్పుడూ అవి నడుస్తుంటే బ్యాటరీ దండగ. అందుకని కార్డు "అయిపోయింది" అనగానే క్లాక్ ఆగిపోయేలా రాశాడు. రెండు రోజులొచ్చే బ్యాటరీ మూడు రోజులొచ్చింది.

పక్క సీటు పెద్దాయన ఆ కోడ్ చూశాడు. "కాస్త ఆగి ఆపవయ్యా. పాత కార్డులు కొన్ని అయిపోయిందన్నాక కూడా లోపల రాసుకుంటూనే ఉంటాయి."

"ఎన్నాళ్లు మోస్తాం సార్ ఆ పాతవాటిని?" అని నవ్వేశాడు పిసినారి.

అతని అక్క రైల్వే స్టేషన్లో అనౌన్సర్. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఆ ఏడాది ఆవిడ గొంతులో గడ్డ బయటపడింది. స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణం దక్కదన్నారు డాక్టర్లు. పది రోజుల్లో ఆపరేషన్.

"నాలుగేళ్ల పిల్లరా అది. నా గొంతు దానికి గుర్తుంటుందంటావా?" అంది అక్క, నిద్రపోతున్న కూతుర్ని చూస్తూ.

మర్నాడే అతను రికార్డర్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇందులో ప్రోగ్రాము నాదే అక్కా. పాపకి కథలన్నీ చెప్పేసెయ్. చార్జింగ్ గొడవ కూడా ఉండదు."

అక్క సొరుగులోంచి పాత కెమెరా కార్డు తీసి అందులో పెట్టింది. రోజూ తలుపు వేసుకుని, తొమ్మిది రోజుల్లో ఇరవై రెండు కథలు చెప్పింది. ఒక్కటీ తిరిగి వినలేదు. "వింటే ఏడుపొస్తుందిరా. ఇక ఆ పూటకి గొంతు పెగలదు," అనేది.

ఆపరేషనయిన నాలుగోరోజు పాప మామ ఒళ్లో కూర్చుని, "అమ్మ కథ పెట్టు," అంది. అతను మీట నొక్కాడు. కొన్ని కథలు తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో చడీచప్పుడూ లేదు. పదిహేడోదాంట్లో మాత్రం చిన్న దగ్గు, "ఉండు, మళ్లీ మొదట్నుంచి చెప్తా" అన్న మాట వినిపించాయి. అంతే.

కార్డును ఆఫీసుకు తీసుకెళ్లి గడిగడీ వెతికాడు. అన్నీ సున్నాలే. పెద్దాయన పక్కన కూర్చుని, "ఆ రోజు నేను గట్టిగా చెప్పాల్సింది," అన్నాడు.

ఆసుపత్రిలో అక్క పలక మీద రాసి మాట్లాడుతోంది. అతను మంచం పక్కన నిలబడి, "నావల్లే అక్కా. కార్డు రాసుకోవడం పూర్తికాకముందే నా ప్రోగ్రాము దాన్ని ఆపేసింది," అన్నాడు.

"అన్నీ పోయాయా?" అని రాసింది.

అతను తలూపాడు. అక్క పలకను నెమ్మదిగా తుడిచి, గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు బలపం ముట్టుకోలేదు.

తప్పు ఎవరిదో, ఎలా జరిగిందో ఆఫీసులో అందరికీ రాసి పంపాడు. కార్డు నిజంగా పని ముగించేదాకా క్లాక్ ఆగకుండా ప్రోగ్రాము మార్చాడు. అమ్మిన ప్రతి రికార్డర్‌కూ ఆ మార్పు అందింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి పాపకు కథ చెబుతున్నాడు. తన చిన్నప్పుడు అక్క చెప్పినవే. మొన్నొకరోజు పాప మధ్యలో ఆపేసింది. "కప్ప అలా మాట్లాడదు మామా! అమ్మ చెప్పినట్టు చెప్పు."

కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్న అక్క అలవాటు చొప్పున నోరు తెరిచింది. ఊపిరి కోసం ఆపరేషన్లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఉత్త గాలి వచ్చింది. పాప ఒక్క క్షణం తల్లివైపు చూసి, మామ చొక్కా పట్టి లాగింది.

"సర్లే, నువ్వే చెప్పు."