ఎస్తేరక్క పూర్తి చెయ్యని డాన్సు

నిన్న ఉదయం ఫోన్ వచ్చేసరికి నేను అంబాజీపేటలో గోడౌన్ తాళం తీస్తున్నాను.

"ఎస్తేరక్క ఇంట్లో పడిపోయిందంట. అంబులెన్స్‌లో రాజమండ్రి తీసుకెళ్తన్నారు" అంది మాతో డాన్స్ చేసే లక్ష్మి.

ఎండకి కళ్ళు తిరిగి ఉంటాయనుకున్నాను. రిహార్సల్ లేటవుతుందిలే అనుకుని నేల తుడవడం మొదలుపెట్టాను.

తుడవడం అవ్వకముందే మళ్ళీ ఫోన్.

రావులపాలెం కూడా దాటకముందే పోయిందట.

మెదడులో నరం చిట్లి ఉంటుందన్నారు డాక్టర్. కొన్నాళ్ళుగా తలనొప్పి అంటూనే ఉంది. టాబ్లెట్ వేసుకుని వచ్చేసేది. నలభై కూడా నిండలేదు.

ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఎస్తేరక్కది రాజోలు. బెంగళూరులో కాంటెంపరరీ డాన్స్ నేర్చుకుని, అక్కడే పేరు తెచ్చుకుని, చెల్లెలు పోయాక ఇక్కడికి వచ్చేసింది. నాకు గురువు. మేడమ్ అంటే పలికేది కాదు. అందుకే అక్క.

చెల్లెలు రూతు గల్ఫ్‌లో నర్సు. అక్కడే యాక్సిడెంట్‌లో చనిపోయింది. పెట్టెలో ఇంటికి వచ్చింది. మూత తీయొద్దు, చూడలేరు అన్నారు పెద్దవాళ్ళు. తీయలేదు. అలాగే సమాధి చేసేశారు.

ఆ రోజు గురించే అక్క కొత్త డాన్స్ కడుతోంది.

మేమంతా ఆడవాళ్ళమే. మధ్యలో ఒక చెక్క పెట్టె. ఖాళీగా పడున్న కొబ్బరి గోడౌన్ మా రిహార్సల్ హాల్. నేలలోకి నూనె ఇంకిపోయి కాళ్ళు జారేవి. సర్ఫ్ వేసి కడుక్కునేవాళ్ళం.

మొదట్లో చాలా అందంగా వచ్చింది. తెల్ల చీరలు, వయొలిన్, పెట్టె చుట్టూ గాలిలో తేలినట్టు మేము. చూసినవాళ్ళు ఏడ్చారు.

అక్క మొత్తం తీసేసింది.

"ఏడుపుకి ముస్తాబు చేస్తున్నామే మనం. మా ఇంట్లో ఆ రోజు ఇలా లేదు" అంది.

మరి ఎలా ఉందో తనకీ అందట్లేదు. వారాల తరబడి ఏదో చేయించేది, తీసేసేది. మాకు విసుగొచ్చేది. ఒకమ్మాయి మానేసింది కూడా. అక్క గోడకి ఆనుకుని కూర్చుని, నుదురు నొక్కుకుంటూ ఆ ఖాళీ పెట్టె వైపే చూస్తుండేది.

ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ సుగుణమ్మ గారు క్యారేజీ పట్టుకుని వచ్చారు. రిటైరైన టీచర్. చిన్నపిల్లలతో కూడా అండీ అనే మాట్లాడతారు. రూతు వచ్చిన రోజు గురించి ఆవిడ ఎప్పుడూ నోరు విప్పలేదని అక్క చెప్పేది.

ఆవిడ కూర్చుని చూస్తున్నారు. మేము పెట్టె మీద వాలిపోయి ఏడుస్తున్నట్టు చేస్తున్నాం.

"నేను అలా ఏడవలేదండి" అన్నారు మాతో.

అక్క మ్యూజిక్ ఆపేసింది. "మరేం చేసేవమ్మా?"

"ఎత్తనివ్వమని అడిగేను. మొహం ఎలాగూ చూపించట్లేదు, బరువన్నా చూద్దామని. దాన్ని చంకనేసుకుని పెంచినదాన్ని, నాకు తెలవదా? ఆడవాళ్ళు ఎత్తకూడదన్నారు. పక్కకి లాగేసేరు. లోపలున్నది రూతో కాదో నాకిప్పటికీ తెలీదే."

అక్క వెళ్ళి వాళ్ళమ్మ ముందు నేల మీద పడుకుంది.

"ఎత్తు" అంది.

ఆవిడ ఎత్తలేకపోయారు. మెడ కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి పెట్టి చూశారు. భుజాలే కాస్త లేచాయి. అయినా వదల్లేదు.

మేం చూడలేక బయటికి వెళ్ళిపోయాం.

మర్నాటి నుంచి డాన్స్ మారిపోయింది.

వయొలిన్ లేదు. తెల్ల చీరలు లేవు. ఒకరు పడుకోవాలి, ఇంకొకరు ఎత్తాలి. అంతే.

వినడానికి తేలిక. కానీ పడుకున్న మనిషి ఒళ్ళు తనకి తెలియకుండానే ఎత్తేవాళ్ళకి సాయం చేసేస్తుంది. మెడ బిగుస్తుంది, నడుము లేస్తుంది.

"సాయం చెయ్యకే. పోయినోళ్ళు సాయం చెయ్యరు" అనేది అక్క.

ఒళ్ళు పూర్తిగా వదిలెయ్యడం నేర్చుకోవడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది. మోచేతులు కమిలిపోయాయి. మొదటిసారి నిజంగా వదిలేసిన రోజు నాకే భయమేసి, లేచి కూర్చున్నాను. అక్క వీపు నిమిరింది. మంచినీళ్ళిచ్చింది. మళ్ళీ పడుకోమంది.

ముగింపు మాత్రం తేలలేదు.

డాన్సులో ఆ తల్లి చివరికి పెట్టె ఎత్తాలా, వద్దా?

"ఎత్తించేస్తే అబద్ధం చెప్పినట్టు. ఎత్తించకపోతే, ముందు వరసలో కూర్చుని మా అమ్మ ఎలా చూస్తాది?"

శనివారం రెండు రకాలుగానూ చేయించింది. రెండూ నచ్చలేదు. సోమవారం చూద్దాంలే అని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

నిన్నే సోమవారం.

ఈ ఉదయం రాజోలు వెళ్ళాం. అక్కని ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచారు. అద్దంలోంచి మొహం కనిపిస్తోంది, నిద్రపోతున్నట్టే ఉంది. సుగుణమ్మ గారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అద్దానికి చెమ్మ పడుతుంటే కొంగుతో తుడుస్తున్నారు.

ఎవరు పలకరించినా పలకట్లేదట. నన్ను చూసి మాత్రం అడిగారు.

"చివర్లో ఏం పెట్టిందండీ? నాకు చెప్పలేదు. షోలోనే చూడమంది."

"ఇంకా ఏమీ పెట్టలేదండి."

"ఆయ్" అన్నారు.

మళ్ళీ అద్దం తుడవడంలో పడిపోయారు. నేను అక్కడ నిలబడలేకపోయాను.

సమాధి రేపు మధ్యాహ్నం, రాజోలులోనే. షో ఉంటుందా అని మెసేజ్‌లు పెడుతున్నారు. నాకు తెలియదు. దయచేసి ఇప్పుడు అడగొద్దు. ఆవిడ దగ్గర ఆ మాట అసలు ఎత్తొద్దు. వీలైతే వచ్చి, కాసేపు ఆవిడ పక్కన ఊరికే కూర్చోండి.

వెళ్ళిరా ఎస్తేరక్కా.

ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి. మీ అమ్మకి కూడా.