మేడమ్ సలోతే సౌండు ఆపేసినప్పుడు

మొన్న ఫిజీ రాజధాని సువాలో మా తెలుగు సంఘం మీటింగు జరుగుతుంటే బల్ల మీది కాగితమొకటి ఎగిరి టేబుల్ ఫ్యాను జాలీలో ఇరుక్కుంది. టపటప, టపటప. ఉగాది ఉత్సవంలో తెలుగు ప్రార్థన ఎవరు చదవాలన్నదాని మీద అందరూ హిందీలో పోట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్ళూ ఆ పని నాదే. అవ్వ దగ్గర నేర్చిన తెలుగును పుస్తకాలు ముందేసుకుని సానపట్టుకున్నదాన్ని. ఇప్పుడు గొంతు సహకరించక ఇంకెవరికైనా అప్పగిద్దామంటే, తెలుగు సరిగా రాదని ఒక్కరూ ముందుకు రావడం లేదు. అధ్యక్షురాలిని కనుక వాళ్ళను సముదాయించాల్సింది నేనే, కానీ నా చెవిలో ఆ టపటప తప్ప మరేదీ పడడం లేదు. రీలు అయిపోయాక ఫిల్ము కొస ప్రొజెక్టరును కొట్టుకుంటూ తిరిగే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. వేడెక్కిన బల్బు మీద దుమ్ము కాలే వాసన, కిటికీలకు అడ్డంగా కట్టిన చక్కెర గోతాల వాసన కూడా వచ్చినట్టే అనిపించింది. మేడమ్ సలోతే గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ప్రాణం హాయిగా ఉంటుంది.

ఫిజీకి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్ళకు ఆవిడ లబాసాలో మా హైస్కూలుకు సోషల్ చెప్పడానికి వచ్చారు. చెరకు రైతులు చందాలు వేసుకుని కట్టుకున్న బడి మాది. పిల్లల్లో ఎక్కువమందిమి భారతీయుల సంతతి, మిగిలినవాళ్ళు ఈ దీవుల మూలవాసులైన ఫిజియన్లు. మేడమ్ కూడా ఫిజియనే, కానీ ఆవిడ హిందీ ముందు మా హిందీ దిగదుడుపు. నిండైన విగ్రహం, తలలో ఎప్పుడూ ఓ పువ్వు. పాఠం బోర్డు మీద రాసి చెప్పడం ఆవిడకు బొత్తిగా గిట్టదు. సువా నుంచి ఓడలో రేకు డబ్బాల్లో సినిమాలు తెప్పించి, హాలు కిటికీలకు గోతాలు కట్టి, పట్టపగలే చీకటి చేసి చూపించేవారు. అమెరికాలో నల్లవాళ్ళను వేరే కూర్చోబెట్టే బస్సుల కథలు, వాళ్ళకు ప్రవేశం లేని బళ్ళ కథలు. సోషల్ పీరియడు కోసం మేము పడిచచ్చేవాళ్ళం.

కథ మంచి పట్టులో ఉండగా ఆవిడ ఉన్నట్టుండి సౌండు ఆపేసేవారు. తెర మీద బొమ్మలు మూగగా కదులుతుంటే మాకు నవ్వాగేది కాదు. ఆవిడ మాత్రం తాపీగా అడిగేవారు: ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు మాట్లాడటం లేదు? మొదటిసారి నేనే ముందు చెయ్యెత్తి, ఆ టోపీ దొర చెడ్డవాడని గొప్పగా చెప్పాను. మేడమ్ నవ్వారు.

“చెడ్డవాణ్ణి పట్టుకోవడం తేలికమ్మా, సినిమా తీసినవాళ్ళే వేలుపెట్టి చూపిస్తారు. మాట్లాడనివాణ్ణి మాత్రం నువ్వే వెతుక్కోవాలి.”

ఆ వెతుకులాటలో తనవాళ్ళనూ వదిలిపెట్టేవారు కాదు. ఒకసారి మమ్మల్ని వాళ్ళ ఊరు తీసుకెళ్ళారు. పెద్దలు చాప మీద కూర్చుని యంగోనా అనే వేరు పానీయం తాగుతూ మాకు ఘనంగా స్వాగతం చెప్పారు. తిరిగి బస్సెక్కగానే మేడమ్ ఆ మూడు ప్రశ్నలూ మళ్ళీ అడిగారు. పొద్దుటి నుంచీ వండిన ఆడవాళ్ళు గుమ్మం అవతలే ఉండిపోయారని మాలో ఎవరో అన్నారు. అవును, వాళ్ళలో మా అమ్మ కూడా ఉంది అన్నారావిడ.

ఈ వెతుకులాట పిల్లల వెంట ఇళ్ళకు చేరాక తంటా మొదలైంది. మన చెరకు కొట్టే ఫిజియన్లు అరుగు కిందే కూర్చుని ఎందుకు తింటారని స్కూలు కమిటీ అధ్యక్షుడి కొడుకు అన్నం దగ్గర అడిగాడట. అధ్యక్షుడు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మన డబ్బుతో కట్టిన బడిలో, ఎక్కణ్ణుంచో వచ్చిన మనిషి మన పిల్లల చేత మనకే తప్పులు పట్టిస్తోందని కమిటీని పిలిచాడు. సినిమా క్లాసు ఆపించేసి, ప్రొజెక్టరును బీరువాలో పెట్టి తాళం వేయించాలన్నాడు. మేడమ్ ఒక్కటే అడిగారు: ముందు పెద్దలంతా ఒక సినిమా చూడండి, చూశాక మీ ఇష్టం. మా నాయన కూడా ఆ కమిటీలో ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. వెళ్ళి కూర్చుని, అందరూ తలూపినప్పుడు తలూపి ఇంటికొచ్చేవాడు. క్లాసు పోతుందేమోనన్న బెంగతో నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. మా అవ్వ ముందు వరసలో నాయన పక్కన కూర్చుంది. చెరకు తోటల్లో కూలీలకు కట్టిన లైను గదుల్లో పుట్టిన మనిషి. హిందీ బాగానే వచ్చినా, సినిమా మాత్రం తెలుగులో చెప్పమని నన్ను పక్కకు లాక్కుంది. పత్తి చేలలో పనిచేసే ఒక నల్లవాళ్ళ కుటుంబం కథ అది. గుర్రం మీద దొర కనిపించగానే అవ్వ “కులంబర్” అంది, గట్టిగా. చెరకు తోటల మీద అజమాయిషీ చేసిన దొరలను మావాళ్ళు అలాగే అనేవారు. హాల్లో ముసలివాళ్ళంతా గొణుక్కున్నారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అధ్యక్షుడు కూడా తుడుచుకోవడం నేను చూశాను. ఇంక ఫరవాలేదనుకున్నాను.

అప్పుడు మేడమ్ సౌండు ఆపేశారు. తెర మీద దొర ఇంటి వెనక వాకిలి. నల్ల పనివాడు మెట్టు కింద నిలబడ్డాడు. దొరసాని మేకుకు తగిలించిన రేకు కప్పు తీసి, అందులో కాఫీ పోసి, చెయ్యి తగలకుండా మెట్టు మీద పెట్టింది. మేడమ్ ఎప్పటిలాగే మూడు ప్రశ్నలూ అడిగారు. నా పక్కనుంచి అవ్వ గొంతు వినిపించింది.

“ఆ పియాలా మన ఇంట్లో ఉండాది.”

పియాలా అంటే మాకు కప్పు. మా చెరకు కొట్టే గ్యాంగులో సకియూసా అనే ఫిజియన్ ఉండేవాడు. అతని కోసం మా వెనక వాకిట్లో మేకుకు ఓ ఎనామెల్ కప్పు వేలాడుతూ ఉండేది. అవ్వ ఏమందని మేడమ్ అడిగితే, అవ్వ తడుముకోకుండా అదే మాట హిందీలో చెప్పింది. అధ్యక్షుడు లేచి, ఇక చాలు, లైట్లు వేయండి అన్నాడు. మేడమ్ చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళింది. అంతలో నాయన లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు.

“మా అమ్మ చెప్పింది నిజం. క్లాసు జరగనీండి.”

చెప్పి కూర్చున్నాడు. వెనక వరసలో ఎవరో అవునన్నారు, తర్వాత ఇంకెవరో. అధ్యక్షుడు కాసేపు నిలబడి, చుట్టూ చూసి, కుర్చీలో కూలబడ్డాడు. మేడమ్ సౌండు పెట్టారు. మిగతా సినిమా ఏమైందో నాకు గుర్తులేదు. మా నాయన గొంతు అందరిలో విన్నానన్న సంతోషంలోనే ఉండిపోయాను.

మర్నాడు సకియూసా వస్తే అవ్వ అతన్ని వంటింట్లోకి పిలిచి, పీట వేసి, మేము తాగే ఇత్తడి గ్లాసులో టీ పోసింది. అతను రెండు గుక్కల్లో ఖాళీ చేసి, ఇబ్బందిగా నవ్వి, ఆజీ, నా పియాలా ఇచ్చెయ్యవా, ఇందులో ఏమీ పట్టదు అన్నాడు. అవ్వ పట్టుదల అవ్వది. ఆ శనివారం లబాసా బజారుకెళ్ళి ఇంటిల్లిపాదికీ అలాంటి కప్పులే కొనుక్కొచ్చి, వంటింటి గోడకు వరసగా తగిలించింది. ఇత్తడి గ్లాసులు అటకెక్కాయి. ఈ సంగతి చెబితే మేడమ్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, ఓ రోజు తనే వచ్చి అందులో టీ తాగి వెళ్ళారు. క్లాసు నేను బడి వదిలిన తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆ మూడు ప్రశ్నలు మాత్రం నన్నంటిపెట్టుకునే ఉన్నాయి. పెళ్ళికెళ్ళినా, ఆఫీసుకెళ్ళినా, నా కళ్ళు వాటంతటవే వెతుకుతాయి. మా ఆయన దీన్ని నా జబ్బు అంటాడు.

మొన్న కూడా ఫ్యాను నుంచి కాగితం లాగేసి, గది నాలుగు మూలలా చూశాను. మా కోశాధికారి భార్య మేరె గోడ వారగా కూర్చుంది. ఫిజియన్ పిల్ల. పెళ్ళైనప్పటి నుంచీ ప్రతి మీటింగుకూ భర్తతో వస్తుంది, అందరికీ టీ అందించి అలా కూర్చుంటుంది. అందరినీ ఆగమని, నువ్వేమంటావు మేరె అని హిందీలో అడిగాను. ఆమె భర్త వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

“నాకొచ్చు,” అంది. ఆ పూట ఆ గదిలో వినిపించిన మొదటి తెలుగు మాట అదే. “అత్తమ్మ నేర్పింది. ఎవురూ అడగలే.”