ఉడికిపోకూడదని

మా అత్త పోయిన కబురు నాకు నాయుడుపేట స్టేషన్లో తెలిసింది. రెండు రోజులు నెల్లూరు ఆస్పత్రిలో ఐసీయూ బయట కూర్చుని, బట్టలు తెచ్చుకుందామని ముందురోజే చెన్నై వెళ్ళి, ఆ పొద్దున్నే మళ్ళీ రైలెక్కాను. నాన్న ఫోన్ చేసి, "పాపా, యాడుండావు?" అన్నాడు. నాయుడుపేట అన్నాను. "సరే, నిదానంగా రా. ఇంక తొందరేం లేదు," అన్నాడు. ఆ మాటతోనే తెలిసిపోయింది. ఎదురు సీట్లో ఒకావిడ ఇడ్లీ పొట్లం విప్పి, తింటావా అన్నట్టు నా వైపు జరిపింది. తీసుకుని తిన్నాను. ఎందుకు తిన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆమె మా నాన్నకు అక్క. మనుబోలు పక్కన మూడెకరాల కయ్య సొంతంగా చేసుకునేది. కయ్య అంటే మా వైపు వరి మడి. మామ పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఆమె ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో గోడ కూడా లేదు. ఆమెకు వచ్చిన జబ్బు లింఫోమా, రక్తంలోని తెల్లకణాల నుంచి పుట్టే క్యాన్సరు. కానీ ఆమెను తీసుకుపోయింది ఒక జ్వరం. ఆ జ్వరాన్ని ఆమె రెండు రోజులు దాచింది. దాచడానికి కారణం నేనెప్పుడో చెప్పిన సైన్సు పాఠం. అత్త గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను కానీ, ఈ సంగతి దాటేసి ఒక్క మాట కూడా రాయలేకపోతున్నాను.

ఊళ్ళో ఆమెకు పేరు తెచ్చింది ఆమె చెయ్యి. నారు పోసే ముందు వడ్లు నానబెట్టి, గోతాల్లో కట్టి, మీద గడ్డి కప్పి బరువు పెడతారు. దాన్ని మండె కట్టడం అంటారు. లోపల వెచ్చబడితేనే మొలక వస్తుంది. మరీ వేడెక్కితే విత్తనం ఉడికిపోతుంది, ఇక ఎన్నటికీ మొలవదు. అత్త గోతాం మూతి విప్పి, మణికట్టు దాకా చెయ్యి దూర్చి, కాసేపు కళ్ళు మూసుకునేది. "నీళ్ళు చల్లండి" అనో, "ఇంకో పూట ఉండనీండి" అనో చెప్పేది. ఎడగారు పంటకు, అంటే మా వైపు వేసవిలో వేసే రెండో పంటకు, ఎండల్లోనే నారు పోయాలి కాబట్టి ఆ రోజుల్లో ఆమెకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఎవరో ఒకరు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. డాక్టరమ్మ బయల్దేరిందని నేను ఏడిపించేదాన్ని. "డాక్టరు తప్పు చెప్తే ఒకడే పోతాడు. నేను తప్పు చెప్తే కయ్యంతా పోతాది," అనేది, చెప్పులు వేసుకుంటూ.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకసారి మండెకు నీళ్ళు చల్లే పని నాకప్పగించి ఆమె గూడూరు వెళ్ళింది. నేను పుస్తకం పట్టుకుని మర్చిపోయాను. సాయంత్రం ఆమె వచ్చేసరికి గోతాల్లోంచి పుల్లటి వాసన. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని గోతాంలోకి దూర్చింది. చురుక్కుమంది. "చూసినావా ఎట్ట కాలుతుండాదో. ఇవి పైకి బాగానే ఉండాయి. లోపల పానం లేదు," అంది. ఆ ఏడు వేరేవాళ్ళ దగ్గర మిగిలిన నారు అడిగి తెచ్చి నాటింది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం నా వైపు చూసి, "పుస్తకం ఉడికిందా?" అనేది. చాలా రోజులు అంది.

ఆ పుస్తకాల వల్లే చెన్నైలో ఒక పరిశోధనశాలలో చేరాను. నేను పనిచేసేది కాంప్లిమెంటు మీద. తెలుగు పుస్తకాల్లో పూరక వ్యవస్థ అంటారు. మన రక్తంలో ఎప్పుడూ తిరుగుతూ ఉండే కొన్ని ప్రోటీన్లు అవి. మామూలుగా నిద్రపోతున్నట్టే ఉంటాయి. ఏదైనా కణం మీద యాంటీబాడీ వచ్చి అతుక్కుంటే మొదటిది లేస్తుంది, అది రెండోదాన్ని లేపుతుంది, అలా వరసగా లేచి చివరికి ఆ కణం గోడకు చిల్లు పెడతాయి. నీళ్ళు లోపలికి దూరి కణం పగిలిపోతుంది. క్యాన్సరుకు ఇచ్చే యాంటీబాడీ మందుల్లో కొన్ని పనిచేసే దారుల్లో ఇదొకటి.

ఒకసారి అత్త చెన్నై వచ్చినప్పుడు ల్యాబు చూపించాను. వేడినీళ్ళ తొట్టిలో సీరం ట్యూబులు పెట్టి ఉన్నాయి. ఏందివి అంది. రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరాన్ని యాభై ఆరు డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే అందులో కాంప్లిమెంటు చచ్చిపోతుందని చెప్పాను. బతికున్న సీరంతో క్యాన్సరు కణాలు పగిలి, ఈ ఉడికిన సీరంతో పగలకపోతే, పగలగొట్టింది కాంప్లిమెంటే అని తేలుతుందన్నాను.

"అంటే మండె ఉడికినట్టే కదా," అంది అత్త.

"అంతే అత్తా."

"పాపం, అంత మంచిదాన్ని కావాలని ఉడకబెడుతుండారే!" అని ట్యూబుల వైపు జాలిగా చూసింది. ఆ పోలిక నాకు ఎంత నచ్చిందంటే, కొత్తగా చేరిన పిల్లలకు ఏళ్ళ తరబడి అదే చెప్పాను. మా అత్త చెప్పిందని గొప్పగా చెప్పేదాన్ని.

పోయినేడు ఆమె మెడ మీద గడ్డలు లేచాయి. పరీక్షలయ్యాక నెల్లూరులో డాక్టరు కీమోతో పాటు యాంటీబాడీ మందు రాశాడు. నేను పక్కన కూర్చుని మళ్ళీ పాఠం మొదలుపెట్టాను. ఈ మందు పోయి క్యాన్సరు కణం మీద కూర్చుంటుంది, ఆ తర్వాత నీ రక్తంలోవి వచ్చి చిల్లు పెడతాయి అన్నాను.

"మందు కాదా చంపేది? నా నెత్తుట్లోవేనా?"

"నీవి కూడా అత్తా."

ఆమె ముఖం వెలిగింది. మొత్తం డాక్టరు చేతిలోనే లేదు, తన వాటా పని కూడా ఉందని తెలిసి సంతోషపడింది. నేను ఆమెకు సగమే చెప్పాను. క్యాన్సరు కణాలు ఆ చిల్లు పడకుండా ఆపే ప్రోటీన్లను ఒంటి నిండా కప్పుకుంటాయని చెప్పలేదు. ఆ కప్పును తప్పించే ఇంకో యాంటీబాడీ కోసమే నేను ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నాను; ఆమెకు మాత్రం, ఇంకా గట్టి మందొకటి తయారుచేస్తున్నామని చెప్పాను. అది తనకెప్పుడొస్తుందని అడిగింది. ఇంకా ఎలకల దగ్గరే ఉన్నామన్నాను.

"నా వడ్లు తిన్న ఎలకలకి మందుండాది, నాకు లేదా?" అంది. గదిలో అందరం నవ్వాం. నర్సు కూడా నవ్వింది. నాకైతే నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది. జీవితమంతా ఒకే విషయం చదివి, ఆ విషయమే ఇంటికొచ్చి కూర్చుంటే చెయ్యగలిగింది ఏమీ లేకపోవడం ఎంత అవమానమో ఎవరికి చెప్పుకోను?

రెండో విడత మందు ఎక్కించి వారం దాటింది. ఎండలు ముదిరాయి. వీడియో కాల్లో చూస్తే అత్త నెత్తిన తడి తుండు. "ఏందత్తా ఆ వేషం?" అని నవ్వాను. "ఎండ పాపా," అంది. కాఫీ చల్లార్చుకుని తాగుతోందని నాన్న చెప్పాడు. కట్టెల పొయ్యి దగ్గరికి రావడం లేదని కూడా చెప్పాడు. ముసలితనపు చాదస్తమనుకున్నాను. నేనే కదా పెద్ద చదువు చదివింది, నాకే తట్టలేదు.

అప్పుడు జ్వరం వచ్చింది. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోతాయి, ఒళ్ళు వెచ్చబడితే గంటలో ఆస్పత్రికి రావాలి అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. అత్త ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు జ్వరం మాత్రలు మింగుతూ, వరండాలో తడి గోతాం పరుచుకుని, ఇంకో తడి గోతాం కప్పుకుని పడుకుంది. గంటకోసారి ఒంటి మీద నీళ్ళు చల్లుకుంది. నాన్న అడిగితే, "ఎండకి ఒళ్ళు మండుతుండాది రా. మందు పనిచేయాలంటే నెత్తురు చల్లంగా ఉండాలంట, పాప చెప్పింది. కొంచెం ఐసు తెచ్చిపెట్టు," అంది. నేను చెప్పానంటే నాన్నకు ఇక రెండో మాట లేదు. రొయ్యల లారీలకు ఐసు నింపే ఫ్యాక్టరీకి బండి మీద వెళ్ళి, పొద్దునా సాయంత్రమూ గోతాంలో ఐసు కట్టించుకుని తెచ్చాడు. మూడో రోజు పొద్దున పిలిస్తే అత్త పలకలేదు. అప్పుడు ఆస్పత్రికి తీసుకుపోయారు. అప్పటికే రక్తమంతా ఇన్ఫెక్షను పాకింది.

నేను వెళ్ళాక ఒక్కసారి కళ్ళు తెరిచింది. నేను మాస్కు కట్టుకున్నా గుర్తుపట్టింది. "వేడెక్కనీలేదు పాపా," అంది. గొంతు సరిగా రావడం లేదు. "నువ్వు చెప్పినట్టే చల్లంగా పెట్టుకున్నా. నా నెత్తురు ఉడికిపోలా."

యాభై ఆరు డిగ్రీలు అత్తా అది. మనిషికి ఎంత జ్వరం వచ్చినా అందులో కాంప్లిమెంటు చావదు. చల్లబరచడం కాదు కావాల్సింది, పరిగెత్తుకు రావడం. ఇదంతా నా నోటిదాకా వచ్చింది. ఆ అంకె ఆమెకు ఆ రోజు ల్యాబులో చెప్పాను. కానీ ఆమె ఎన్నడూ అంకెలతో వేడిని కొలవలేదు. ఆమె చేతికి తెలిసింది ఒక్కటే, వెచ్చగా ఉండాలి, కాలకూడదు. ఒక పోలిక దొరికిందని మురిసిపోయి, అది ఎక్కడిదాకా పనికొస్తుందో చెప్పకుండా ఆమె చేతిలో పెట్టి వచ్చింది నేను.

"మంచి పని చేసినావత్తా," అన్నాను.

ఆమె తృప్తిగా కళ్ళు మూసుకుంది. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు.

అన్నీ అయిపోయాక ఒకరోజు డాక్టరును అడిగాను, రెండు రోజుల ముందు తెచ్చుంటే బతికేదా అని. "చెప్పలేమమ్మా," అన్నాడు. ఆ మాట మా ల్యాబులో నేనూ రోజుకు పదిసార్లు అంటాను. ఇంత బరువుంటుందని తెలియదు. ఇది చదువుతున్నవాళ్ళ ఇంట్లో ఎవరికైనా ఈ మందులు ఎక్కుతుంటే, జ్వరం రాగానే ఆస్పత్రికి తీసుకుపొండి. నా చదువు వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందంటే, ఈ ఒక్క ముక్కే.

ఆ రోజు నాయుడుపేట నుంచి నేను ఇంటికి చేరేసరికి అత్తను అద్దాల ఫ్రీజరు పెట్టెలో పడుకోబెట్టి ఉన్నారు. బయట ఎండ మండిపోతోంది. కరెంటు పోతుందేమోనని ఎవరో జనరేటరు తెచ్చి పెట్టారు. ఊరంతా వచ్చింది. ఆమె చేత మండె చూపించుకున్నవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి, పెట్టె మీద చెయ్యి వేసి దణ్ణం పెట్టుకుని వెళుతున్నారు. పెట్టె చల్లదనానికి అద్దం పైన తేమ పడుతుంటే ముఖం కనబడటం లేదు. నాన్న పక్కనే నిలబడి తుండుతో తుడుస్తున్నాడు.

నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు. ఆ తర్వాత, ఎవరికీ వినపడకుండా, అద్దం వైపే చూస్తూ అడిగాడు.

"పాపా, నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారే తెచ్చినా ఐసు. మధ్యాన్నానికి కరిగిపోయేది. మధ్యాన్నం కూడా తెచ్చుంటే అక్క బతికుండేదా?"

"లేదు నాన్నా," అన్నాను. అది నిజమే. మిగతా నిజం నోరు దాటి రాలేదు.

ఓదార్పుకు చెప్తున్నాననుకున్నాడు. "తెచ్చుండాల్సింది," అన్నాడు తనలో తానే. అద్దం మీద అత్త ముఖం ఉన్నచోట మళ్ళీ తేమ పట్టింది. నాన్న తుండు మడత మార్చి, మళ్ళీ తుడిచాడు.