కొత్త బ్రేకులకు అమ్మ పెట్టిన బొట్టు

1963 వేసవిలో వరంగల్‌లోని ఒక ప్రభుత్వ టీకాల జట్టుకు నన్ను మెకానిక్‌గా వేశారు. హోదా రెండో గ్రేడే. అయినా జట్టుకున్న ఒకే ఒక్క జీపు నా చేతికొచ్చిందన్న సంబరంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఓ ఆదివారం మా డాక్టరుగారు జీపు నడుపుకుంటూ నేరుగా మా ఇంటికే వచ్చారు. బ్రేకు తొక్కితే ముందు చక్రాలు కీచుమంటున్నాయి.

"నర్సయ్యా, రేపు పొద్దుగాల మశూచి మందు ఐసుపెట్టెల వస్తది. ఐసు కరగకముందే ములుగు చేరాలె. అయితదా?"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్!" అనేశాను. వర్క్‌షాపుకేమో సెలవు. ఐసు కరిగితే మందు పారబోయడమే.

అప్పటి జీపులకు ఇప్పటి ప్యాడ్లు లేవు. చక్రం వెనుక డ్రమ్ము, దాని లోపల నెలవంకల్లాంటి ఇనుప షూలు, వాటికి రివిట్లు కొట్టిన లైనింగు. పెడల్ తొక్కితే లైనింగు డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని బండిని ఆపుతుంది. విప్పి చూస్తే అది రివిట్ల దాకా అరిగిపోయింది. స్టోరులోంచి ముందే తెచ్చి ఇంట్లో ఉంచుకున్న కొత్త షూలు ఎడమ చక్రానికి బిగించి డ్రమ్ము మూశాను. కుడివైపు షూలు కూడా బిగించి, నీళ్లు తాగొచ్చి, రేపటి ధ్యాసలో లోపలికి చూడకుండానే డ్రమ్ము ఎక్కించాను.

వీధిలో బండి తీసి బ్రేకు తొక్కానా, జీపు ఎడమకు గుంజుకుపోయి పక్కింటి అరుగుకు జానెడు దూరంలో ఆగింది! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎడమకు గుంజిందంటే కుడి చక్రం పట్టడం లేదని అర్థం. కుడి డ్రమ్ము ఊడదీశాను. లైనింగు మీద నూనెలో కలిపిన పసుపు, కుంకుమ!

"అమ్మా! ఏం జేసినవే!"

అమ్మ బెదరలేదు. "కొత్త ఇనుము బిడ్డా, బొట్టు వెట్టకుంట ఎట్ల నడుపుతవ్? ఎడమ దిక్కు గూడ వెడ్దామంటే నువ్వప్పటికే మూసేస్తివి."

అదృష్టం, నూనె ఇంకా లోపలికి ఇంకలేదు. పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బాగా ఆరనిచ్చి మళ్లీ బిగించాను. ఈసారి తొక్కితే జీపు తిన్నగా నిలబడింది. వీధంతా వినపడేలా కేకేశాను!

తెల్లారి ములుగు దారిలో బర్రెల మంద అడ్డమొచ్చింది. గట్టిగా తొక్కాను. జీపు అటూ ఇటూ పోలేదు, ఐసుపెట్టె కదల్లేదు. డాక్టరుగారు "శెబాష్" అన్నారు. ఐసు కరగకముందే ములుగు చేరాం.

బ్రేకు పని డ్రమ్ము మూస్తే అయిపోదు. మూసేముందు లోపలికి చూడాలి, మూశాక తొక్కి చూడాలి. ఇంటి దగ్గర బండి విప్పేవాళ్లకు మరో జాగ్రత్త: బొట్టు పెట్టేవాళ్లకు డ్రమ్ము బయటి వైపు ముందే చూపించండి. అక్కడ ఎంత పెట్టినా బ్రేకు పడుతుంది.