నేను కొరియా అని పిలిచిన మనిషి

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. ఇది ఇన్నాళ్లూ రాయకపోవడానికి అదొక కారణం. నోటితో చెప్పి ఎవరిచేతనైనా రాయించుకోవచ్చు కదా అంటారు. పుట్టింటికి ఉత్తరాలు అలాగే రాయించేదాన్ని. కానీ ఈ సంగతి ఎదుటి మనిషి మొహం చూస్తూ చెప్పగలిగేది కాదు. కాగితమైతే తిరిగి మన మొహం చూడదు.

అప్పట్లో సొంతూరికి దూరంగా, పరాయి రాష్ట్రంలో మాది నిమ్‌పురాలో రైల్వే క్వార్టరు. మా ఆయనకు బావ, నాకు అన్న వరస అయిన ఒకాయన పట్టాళం ఆసుపత్రిలో పనిచేసేవాడు. కొరియా యుద్ధానికి వెళ్లి, అది అయ్యాక తిరిగొచ్చి వర్క్‌షాపులో చేరాడు. ఆదివారాలు మా వరండాలో కూచుని అక్కడి కబుర్లు చెప్పేవాడు. షాపు మనుషులు నలుగురైదుగురు చేరేవారు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని.

ఒకరోజు ఆ అన్నయ్య నన్నే పిలిచాడు.

"సెల్లీ, ఓ మాట సెప్పు. మాంసం పీపాల్లో ఎట్టి పడవ మీద పంపాల. సానా రోజుల పయనం. కుళ్లకుండా ఉప్పెలగేస్తావు?"

సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. చేప ఊరెయ్యడం నాకు బాగా వచ్చిన పని. పెళ్లయిన పదేళ్లలో నలుగురిలో నన్నొక సంగతి అడిగినవాడు లేడు. అందుకని అంతా విడమరిచి చెప్పాను.

"నెత్తురు పోయీదాకా కడిగి ఆరబెట్టాల అన్నయ్యా. కల్లుప్పు ఒక వరస, మాంసం ఒక వరస. మూడోనాడు ఊరిన నీరు వంచీసి మళ్లీ ఉప్పెయ్యాల. పైన బరువెట్టాల."

"సూసినారా, మా సెల్లి జపాను పట్టాళంలో ఉండాల్సింది" అన్నాడు.

అప్పుడు చెప్పాడు అసలు కథ. అక్కడ ఆసుపత్రికి వచ్చిన ఒక ముసలాయన చెప్పాడట. మూడున్నర వందల ఏళ్ల కిందట జపాను వాళ్లు ఓడలేసుకుని కొరియా మీద పడ్డారు. ఎంతమందిని చంపారో తమ దొరకి రుజువు పంపాలి. తలకాయలు బరువు. అందుకని ముక్కులు కోసి, ఉప్పులో ఊరేసి, పీపాల్లో పంపారు. జపానులో వాటిని పూడ్చి పెద్ద దిబ్బ పోశారు.

మా ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. "దీని ముక్కు కోసీ బావా, ఉప్పు అదే ఏసుకుంటాది" అన్నాడు. ఆరోజు నుంచి నా పేరు జపాను. జపానూ, నీళ్లు తే. జపానూ, బూట్లెక్కడ. నేను నీళ్లు పెట్టి వెళ్లిపోయేదాన్ని గానీ ఆ పేరుకి పలికేదాన్ని కాదు.

మా పెరటి గుమ్మానికి రోజూ పొద్దున గంజికి ఒక ఆడమనిషి వచ్చేది. మా ప్రాంతపు మనిషే. ఒక గ్యాంగు కూలీ పెళ్లాం. పెద్దరోగం వచ్చి ముక్కు కూలిపోతే మొగుడు గెంటేశాడు. ఆమె డబ్బాకి తగలకుండా పైనుంచి గంజి పోసేదాన్ని. అలా పోస్తూ ఒకరోజు, కుళాయి దగ్గర ఆడవాళ్లందరూ వినేలా, "ఏమే కొరియా, ముక్కు ఏ పీపాలో ఎట్టొచ్చినావు?" అన్నాను. కథ అప్పటికే మా క్వార్టర్ల లైనంతా తెలుసు. అందరూ నవ్వారు. ఈసారి ఆ నవ్వు నా మీద కాదు. ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. రెండు రోజుల్లో పిల్లలు కూడా కొరియా, కొరియా అంటూ ఆమె వెంటపడ్డారు.

మూడోనాడు ఆమె నన్ను అక్క వరస కలిపి అడిగింది. "అప్పా, కొరియా అంటే ఏటి?"

ఆమె మొహం ఎలా మారుతుందో చూడాలని అంతా చెప్పాను. ఉప్పు సంగతి కూడా వదల్లేదు.

"ముక్కు పోయినోలందరూ సచ్చిపోనారా?"

"లేదు. బతికుండగానే కోసినారట కొందరికి. తరవాత ఏళ్ల తరబడి ఏ ఊరు సూసినా ముక్కులేనోలే."

"ఆడోలు కూడానా?"

"ఆడోలు, పిల్లలు."

ఆమె డబ్బా కింద పెట్టింది. "అయితే ఆలందరూ ఒకరింట ఒకరు అన్నం తినీవోరు" అంది.

నేను గిన్నె వంచి ఆమె డబ్బాలో గంజి పోశాను.

"ఆ ఊరికి ఏ బండెక్కాల అప్పా?"

కుళాయి దగ్గర బిందెలు ఆగిపోయాయి. అందరూ నా నోటివంక చూస్తున్నారు. నిజం చెబితే వాళ్లు నవ్వరు. నోటికొచ్చిన బండి పేరు చెప్పేశాను. "రేపు పొద్దున్న ఆద్రా పాసింజరెక్కు. ఆఖర్న దిగీ" అన్నాను. నవ్వులు లేచాయి. ఆమె తలూపి డబ్బా తీసుకుని వెళ్లింది.

మర్నాడు ఆమె గంజికి రాలేదు. గంజి గిన్నె కొంగుకింద పెట్టుకుని స్టేషనుకి నడిచాను. ప్లాట్‌ఫారం మీద మూడు నాలుగు బోర్డులున్నాయి. ఏ బండి ఎక్కడికో ఒక్కటీ చదవలేను. చదవలేనిదాన్ని ఆమెకు బండి చెప్పాను. ఒక కూలీని అడిగితే నవ్వాడు. "ఆ ముక్కులేని దీదీనా? పొద్దున్నే ఎక్కింది. ఆమెని చూసి పెట్టెలో జనమంతా దిగిపోయారు. రాణీలాగా ఒక్కతే వెళ్లింది."

గంజి పట్టాల మీద పారబోశాను. ఇంటికొచ్చేసరికి మా ఆయన డ్యూటీకి బయల్దేరుతున్నాడు.

"జపానూ, ఎక్కడ తిరిగొస్తున్నావు?" అన్నాడు.

"ఇదిగో వచ్చినానండీ" అని ఆ పేరుకి పలికి, ఆయన బూట్లు తెచ్చి గుమ్మంలో పెట్టాను.