తుప్పు పట్టని మనిషి

కోట్లు పోసి సినిమా తీసినవాళ్లలో ఒక్కడికైనా ఇనుము ఉప్పునీటిలో పడితే ఏమవుతుందో తెలియదా? తలచుకుంటే ఇప్పటికీ నాకు తిట్లు ఆగవు.

ఆ సినిమా మొదటి భాగం నుంచి చెప్తేగాని నా కోపం మీకు అర్థం కాదు. నా రెండో కాన్పు అయిన ఏడు నేనూ మా ఆయనా శ్రీకాకుళం వెళ్లి చూశాం. తెలుగులోకి మార్చిన సినిమా. రాబోయే కాలం నుంచి ఒక మరమనిషి ఒక పిల్లను కాపాడటానికి వస్తాడు. ఒళ్లంతా రేకులు కాబట్టి మా ఇంట్లో అతనికి రేకు మావ అని పేరు పెట్టుకున్నాం. చివర్లో ఊరిని కాల్చేసే బాంబును గుండెకు హత్తుకుని సముద్రంలోకి నడిచిపోతాడు. మోకాళ్ల దాకా నీళ్లు, నడుం దాకా, మెడ దాకా. ఒడ్డున పిల్ల ఏడుస్తూనే ఉంటుంది.

ఇంటి దగ్గర మా వదిన, అంటే మా ఆయన అక్క, కథ కోసం కాచుకుని ఉంది. అప్పటికే ఆమెకు చూపు ఆనదు. నేను చదివింది మూడో తరగతే గాని ఒకసారి చూసింది నన్ను వదిలిపోదు. ఏ సినిమా చూసినా పొల్లు పోకుండా చెప్పాల్సిందే.

అంతకు నాలుగేళ్ల ముందు వదిన మొగుడు వేటకు వెళ్లాడు. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి గాని మనిషి రాలేదు. దినం చెయ్యనివ్వలేదు వదిన, గాజులు తియ్యలేదు. పెద్దలు వచ్చి చెప్పారు, వెళ్లారు. ఆ పూట నేను మెడ దాకా నీళ్లు అనేసరికి రొయ్యలు ఒలుస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

“ఎనక్కి సూడనేదేటే?”

“నేదు వొదినా.”

“అయితే తిరిగి రానని తెలిసే ఎల్లినాడు.”

పది రోజులకు తనే మా ఆయన్ని పిలిచి, “ఒరే, మీ బావకి దినం సేసెయ్యండ్రా” అంది.

మా ఇంట్లో ఆ సినిమా అంత పని చేసింది.

రెండో భాగంలో అదే ముఖంతో రేకు మావ తమ్ముణ్ణి తెచ్చారు. సరే, పోనీ అనుకున్నాను. మూడో దాంట్లో అంతకు ముందు జరిగిందంతా పిల్ల కన్న కల అన్నారు. సగంలో ఆ కల సంగతి తీసినవాళ్లే మరిచిపోయి ఫైటింగులు పెట్టారు. కార్లు ఎగిరాయి, మేడలు కూలాయి, ఎవరి కోసం ఎవరూ ఏడవలేదు. నేను చెబుతుంటే వదిన కునికింది. నా కథకు నిద్రపోయినవాళ్లు అంతకు ముందు లేరు.

పోయిన వేసవిలో నాలుగోది వచ్చింది. విజయనగరంలో చూశాం. ఇంటర్వెల్ అయ్యాక సముద్రం చీల్చుకుని రేకు మావ పైకొచ్చాడు. చింతపండుతో తోమిన ఇత్తడి బిందెలా ఉన్నాడు. వచ్చీ రాగానే, “ఏటి బావా, బావున్నావేటి?” అన్నాడు. మొదటి సినిమాలో ఆచి తూచి మాట్లాడిన మనిషి! జనాన్ని నవ్వించాలంటే వీళ్లకు మా యాసే దొరుకుతుంది. హాలంతా ఈలలు. మా ఆయనా పకపకా నవ్వాడు. తొడ మీద గిల్లాను.

“ఏటే, సినిమాయే గదేటి!”

“అయితే మీ అప్పకి నువ్వే సెప్పు.”

అక్క గుర్తొచ్చి ఆయన నవ్వు ఆగిపోయింది. బస్సెక్కి ఇంటికి బయలుదేరాం. సముద్రం మనిషిని తిరిగిచ్చిందని చెబితే, గాజులు తీసిన మనిషి మళ్లీ మొగుడి కోసం ఎదురుచూస్తూ ఒడ్డున కూర్చుంటుందేమోనని నా భయం. కథలో ఏనాడూ అబద్ధం కలపలేదు. ఆ రోజు కలుపుదామనే అనుకున్నాను.

వదిన అరుగు మీద ఉంది. ఫైటింగులు చెప్పాను, మేడలు చెప్పాను, చుట్టూ తిప్పాను. నా గొంతును బట్టే వదిన కనిపెట్టేసింది.

“ఆడు తిరిగొచ్చినాడేటి?”

అబద్ధం నోట రాలేదు. “ఒచ్చినాడు వొదినా.”

బోసి మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది.

“ఒళ్లంతా తుప్పట్టినాదా?”

“నేదు. తళతళలాడతన్నాడు.”

“ఒక్క మరకైనా?”

“నేదు.”

అరుగు పక్కనే మా పాత లంగరు పడి ఉంది. వదిన వంగి దాన్ని తడిమింది. తుప్పు పెచ్చులుగా ఊడి చేతిలోకొచ్చింది.

“ఇన్నేళ్లు ఉప్పునీల్లో ఉన్న ఇనుము తళతళలాడతాదేటే? ఆడు మన రేకు మావ కాదు. మావ పేరు సెప్పుకు తిరుగుతన్న దొంగసచ్చినోడు. ఎల్లి బియ్యం కడుగు.”

కడిగాను. కడుగుతూనే ఆ సినిమా తీసినవాళ్లను వరసపెట్టి తిట్టాను. నేను మరిచిన తిట్లు అరుగు మీంచి వదిన అందించింది.